తాడు కూలి

నెత్తిన సంగటి గంప, చేతిలో నీళ్ళ చెంబు. మిట్టమధ్యాహ్నపు ఎండలో కాటన్‌పేట సందులన్నీ దాటుకుని వచ్చిన పిల్లమ్మ, సావుకారు వెంకటరాయప్ప కొయ్యపని షెడ్డు గడప దగ్గరే ఆగిపోయింది. లోపల ఆమె మొగుడు ఓబళప్ప గొంతుక్కూర్చుని మోటారుకు నూనె పెడుతున్నాడు. ఏం పెట్టడమమ్మా అది! పాత పంచె చింపిన గుడ్డతో దాని వీపు తుడవడం, చెవి ఆనించి చప్పుడు వినడం, మళ్ళీ ఓ చుక్క వెయ్యడం, మళ్ళీ తుడవడం. పదకొండేళ్ళ కాపురంలో పిల్లమ్మ అరచేతులు ఎన్నిసార్లు చీలలేదు? ఒక్కనాడైనా ఇంత ఆముదం రాసిన పాపాన పోయాడా ఈ మహానుభావుడు?

"ఏమ్మే, అట్ల నిలబడుకోనుండావు? సంగటి ఆ మూల పెట్టు. చేతులు నూనెగా ఉండాయి" అన్నాడు, తల తిప్పకుండానే.

"దానికి కూడా ఒక ముద్ద తినిపిస్తావేమో అని చూస్తాండా" అంది పిల్లమ్మ.

ఓబళప్ప నవ్వాడు. ఆ నవ్వు కూడా మోటారు వైపు చూసే నవ్వాడు. పిల్లమ్మకు ఒళ్ళు మండిపోయింది. గంప దించి, చెంబు ఠప్పున పెట్టి, తినేదాకా ఆగకుండా వెళ్ళిపోయింది.

ఆ మోటారు వచ్చి తొమ్మిది రోజులు. అది కూర్చున్న చోటు అంతకుముందు పిల్లమ్మది. కొయ్యను తిప్పుతూ చెక్కే ఆ తరిమెన నడవాలంటే మనుషులు ఇద్దరు కావాలి. ఇరుసుకు రెండు చుట్లు చుట్టిన తాడు కొసలు రెండూ పట్టుకుని ఒకరు కుడికీ ఎడమకీ లాగుతూ ఉంటే, ఎదురుగా కూర్చున్నవాడు తిరిగే కొయ్యకు ఉలి ఆనించి గిన్నె తీస్తాడు. తీసేది మొగుడు, లాగేది పెళ్ళాం. ఆ పనిలో ఆచారం అది. పెళ్ళి చేసుకుని దేవనహళ్ళి వైపు నుంచి వచ్చిన మూడో రోజునే పిల్లమ్మ తాడు ముందు కూర్చుంది. గోరింట ఇంకా ఎర్రగానే ఉంది.

అప్పట్లో తిప్పేది పాలకొయ్య. కుంకుమ భరిణెలు, చిన్నపిల్లల బొంగరాలు, ఉయ్యాల గుండ్లు. మెత్తటి కొయ్య, పాడు మాట అనకుండా తిరిగేది. యుద్ధం వచ్చాక అమెరికా విమానాల సామాన్లు ఇంతింత పెట్టెల్లో దిగాయి. ఆ పెట్టెల అడుగున వేసిన మేపుల్ అనే సీమ కొయ్య దిమ్మెలను వెంకటరాయప్ప వేలంలో పాడుకున్నాడు. చూడ్డానికి మీగడ రంగు, పట్టుకుంటే రాయి. దానితో తీసిన గిన్నెలను తెల్ల సిపాయిల దండులోని దొరసానులు ఎగబడి కొంటున్నారు. గిన్నె ఆరు రూపాయలు. అందులో తినడమూ లేదు, పెట్టడమూ లేదు. బల్ల మీద ఉంచి ఊరికే చూసుకుంటారట. "చూసుకునేదానికి ఆరు రూపాయలా! మాయింటికి రమ్మను, అర్ధణాకు నన్ను చూసుకోమను" అని పిల్లమ్మ ఒకనాడు షెడ్డంతా నవ్వించింది.

గిన్నెకు కూలి పన్నెండణాలు. రోజుకు రెండు గిన్నెలు తీయడానికే రెక్కలు విరిగేవి. ఆ పన్నెండణాలూ ఓబళప్ప చేతికే వచ్చేవి. ఒక్కసారి, మూడేళ్ళ కిందట, పురిట్లో బిడ్డపోయి నెల తిరక్కుండానే తాడు పట్టిన రోజుల్లో, పిల్లమ్మ నోరు తెరిచి అడిగింది: "నా తాడుకు ఏమైనా వేరేగా ఇస్తావా అప్పా?" అని.

వెంకటరాయప్ప తాంబూలం నములుతూ ఆమెను ఎగాదిగా చూశాడు. "తాడు లాగేదానికి కూలేందమ్మే? కూలి ఉలి పట్టినోడిది. ఇంట్లో రాగులు ఇసురుతావు గదా, దానికి ఎవురిస్తాండారు? అట్లనే ఇదీను."

నలుగురిలో సిగ్గుతో చచ్చిపోయి, పిల్లమ్మ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు ఆ తాడు కూడా పోయింది. మోటారు పెట్టిన వారం శనివారం, ఓబళప్ప కూలి తెచ్చి గూట్లో పెడుతూ, ఏదో చిన్న సంగతి చెప్పినట్టు చెప్పాడు. "ఇంక గిన్నెకు ఆరణాలే మే."

"మిగతా ఆరు?"

"అవి తాడువంట. తాడు లేదు గదా, తీసేసినాడు. అయితే మనకేం పోయె? దినానికి ఐదు తీస్తాండా. ముందు కన్నా ఆరణాలు ఎక్కువే వస్తాది. నీకూ చేతులు నొయ్యవు. సుమ్మనే కూచో ఇంట్లో, రాణి మాదిరి."

మంచి మనసుతోనే అన్నాడు పాపం. కానీ పిల్లమ్మ ఆ రాత్రి సంగటి ముట్టలేదు. అవి తాడువంట. తాడు లాగేదానికి కూలి లేదన్న పెద్దమనిషి, తాడు పోయేసరికి ఆరణాలు లెక్కగట్టి మరీ ఎట్లా తీసేశాడు? ఈ ముక్క మొగుడితో అనాలనుకుంది. అంటే "నీకు మోటారు మీద కుళ్ళు" అంటాడు. నిజమే కదా, కుళ్ళే. దాచుకోవడం దేనికి? మనిషి సవతైతే జుట్టు పట్టుకోవచ్చు. ఈ ఇనప సవతికి జుట్టు కూడా లేదు.

ఇంకో కుళ్ళు కూడా ఉంది. పక్క తరిమెన సొన్నప్పది. అక్కడ అతని పెళ్ళాం మునివెంకటమ్మ ఇంకా తాడు లాగుతూనే ఉంది. పిల్లమ్మ సంగటి తెచ్చిన ప్రతిసారీ ఆ తాడు చప్పుడు ఆమెను పొడిచినట్టుండేది. మునివెంకటమ్మ చేతులకు గుడ్డ పీలికలు, భుజం వాచి ఉంది, నడుం పట్టేసి మూలుగుతోంది. అయినా సరే, ఆమెకు ఒక చోటుంది. మొగుడి ఎదురుగా, ఉలికి మూరెడు దూరంలో. అది చూసి పిల్లమ్మ కళ్ళు కుట్టేవి. సొన్నప్ప కళ్ళేమో మోటారు మీద. తనకెప్పుడు వస్తుందా అని ఓబళప్పను చూసి అతను కుళ్ళిపోయేవాడు. వెంకటరాయప్పకు ఇదంతా తెలుసు. "బాగా చేసినోనికే మోటారు" అని ఇద్దరికీ చెరొక తూరి చెప్పి, తాంబూలం నములుతూ కూర్చునేవాడు.

బుధవారం పొద్దున మునివెంకటమ్మే పరుగెత్తుకుంటూ వచ్చింది. పిల్లమ్మ రేషను జొన్నల్లో రాళ్ళేరుతోంది.

"అక్కా, సావుకారి నిన్ను పిలుస్తాండాడు. మీ ఆయనకు నొసట తగిలింది. భయపడొద్దులే, కట్టు కట్టినారు."

"ఏం తగిలింది?"

"గిన్నె. మోటారు ఇసిరి కొట్టింది."

ఎవరో కర్నలు దొరసాని పెద్ద గిన్నె ఒకటి అడిగిందట, ఆదివారం ఓడకు బయలుదేరే లోపల కావాలని. మామూలువాటి కంటే రెండింతలు. ఎంతిమ్మన్నా ఇస్తానందట. అంత వెడల్పు దిమ్మెలు వెంకటరాయప్ప దగ్గర మూడే ఉన్నాయి, మూడూ కణుపులవే. మోటారు ఒకటే వేగంతో తిప్పేస్తుంది. ఉలి దగ్గరికి వచ్చేసరికి కణుపు దాన్ని పట్టుకుని లాగేసింది, ఇరుసుకు అంటించిన లక్క ఊడి దిమ్మె ఎగిరింది. మొదటిది గోడకు కొట్టుకుని రెండు చెక్కలైంది. రెండోది ఓబళప్ప నొసటికి తగిలి, నేల మీద పడి పగిలింది. ఇక మిగిలింది ఒక్కటి. దాన్ని తాడుతోనే తీయాలి.

పిల్లమ్మ జొన్నలు చేటలోనే వదిలేసి లేచింది. మొగుడికి దెబ్బ తగిలిందన్న బెంగ ఒకవైపు నిజంగానే ఉంది. ఇంకోవైపు లోపలెక్కడో సంబరం పొంగుకొస్తోంది. అనుకోకూడదు కానీ వస్తోంది. ఏం చేస్తుంది?

షెడ్డులో మోటారు మీద గోనెపట్టా కప్పి ఉంది. ఓబళప్ప నొసటికి నెత్తురు కట్టుతో, పాత తరిమెనకు ఇరుసు బిగిస్తున్నాడు. ఆమెను చూసి తల వంచుకున్నాడు.

"సవతి కొట్టిందా మామా?" అంది పిల్లమ్మ మెల్లిగా.

"ఊరుకో మే."

దిమ్మెను వేడి లక్కతో ఇరుసుకు అంటించాడు. పిల్లమ్మ తాడు రెండు చుట్లు చుట్టి కూర్చుంది. మొదటి లాగుకే అరచేతిలో పాత పొక్కు మళ్ళీ విచ్చుకుంది. పోనీ. కొయ్య కదిలింది. బరువు ఏ వైపు ఉందో నాలుగు లాగుల్లో ఆమె భుజానికి తెలిసిపోయింది. ఉలి ఆనింది, తెల్లటి పొట్టు రాలింది. కణుపు ఉలి దాకా రాకముందే తాడులో చిన్న అదురు వస్తుంది. అది వేళ్ళకు తెలుస్తుంది, కళ్ళకు తెలియదు. ఆమె తాడు సడలించేది. సడలిన సంగతి ఓబళప్పకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఉలి దానంతట అదే తేలిపోయేది. కణుపు దాటేది. మళ్ళీ లాగు. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోకుండా, ఒక్క మాట అనుకోకుండా, గంటన్నరలో గిన్నె వెలుపలి భాగమంతా నునుపు తేలింది. కణుపులన్నీ బెల్లం రంగు సుళ్ళై నిలిచాయి.

పిల్లమ్మ గోనెపట్టా వైపు చూసింది. ఏం చూపు అది! గెలిచిన ఆడదాని చూపు.

"భేష్!" అన్నాడు వెంకటరాయప్ప, దగ్గరకొచ్చి వంగి చూస్తూ. "ఇంక లోపల తొలచండి. లక్క సల్లారకముందే. సల్లారితే పెళుసెక్కి గిన్నె ఊడొస్తాది. కానీండి, బేగ బేగ."

పిల్లమ్మ తాడు లాగలేదు. కొసలు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

"దీనికి కూలి ఎంతప్పా?"

"ఎంతేంది? ముందటి మాదిరే. పన్నెండణాలు ఓబళప్పకు ఇస్తా. పెద్దది గదా, ఇంకో రెండణాలు ఏసుకోండి."

"ఆ రెండూ నువ్వే పెట్టుకో. ఆరు ఆయప్ప చేతికియ్యి, ఆరు నా చేతికియ్యి."

వెంకటరాయప్ప నవ్వాడు. "మొగుడికిచ్చినా నీకిచ్చినా ఒకటే గదమ్మే?"

"ఒకటే అయితే పన్నెండూ నాకే ఇయ్యప్పా."

పక్క తరిమెన దగ్గర మునివెంకటమ్మ కిసుక్కున నవ్వి, సొన్నప్ప చూసేసరికి నోరు మూసుకుంది. సావుకారు ముఖం ఎర్రబడింది.

"తాడుకు కూలి ఎక్కడైనా ఉండాదా? నేనెప్పుడైనా ఇస్తినా?"

"ఇయ్యలేదు. మొన్న శనివారం తీసేస్తివి గదా" అంది పిల్లమ్మ. "లేని కూలిని ఎట్ల తీసేస్తివప్పా? ఆరణాలని లెక్కగట్టి తీసేస్తివి. అంటే ఉన్నింది. పదకొండేండ్లూ ఉన్నింది. నాకు లేదని నాకే చెప్తివి."

వెంకటరాయప్ప తాంబూలం బయటికి వెళ్ళి ఉమ్మి వచ్చాడు. ఆలోచించుకుని వచ్చాడని తెలుస్తూనే ఉంది.

"నువ్వొక్కదానివే అనుకుంటివా తాడు లాగేది? మునివెంకటమ్మా! లెయ్. వచ్చి దీని తాడు పట్టు. పని కానీ, ఈ దినమే మీ సొన్నప్పకు మోటారు పెట్టిస్తా."

పిల్లమ్మ ఒళ్ళో ఉన్న కొసలను చేతిలోకి తీసుకుంది. మోటారు సంగతి వేరు. అది ఇనుము. ఇప్పుడు ఇంకో ఆడది వచ్చి తన చోట కూర్చుంటుంది. తన చెమట ఇంకిన తాడు పట్టుకుంటుంది. తన మొగుడి ఉలికి ఎదురుగా కూర్చుని, తాను నునుపు తేల్చిన గిన్నెను తిప్పుతుంది. సొన్నప్ప అప్పుడే లేచి నిలబడి, పోవే పో అన్నట్టు పెళ్ళాం వీపు మీద చెయ్యేసి తోస్తున్నాడు. మునివెంకటమ్మ వచ్చింది. పిల్లమ్మ తాడు కొసలను ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆ క్షణంలో ఆమెకు మునివెంకటమ్మ మీద ఉన్నంత కసి, సావుకారు మీద కూడా లేదు.

మునివెంకటమ్మ చెయ్యి చాచింది. గుడ్డ పీలికలు చుట్టిన చెయ్యి. పీలికల సందుల్లోంచి పిల్లమ్మ అరచేతిలో ఉన్నలాంటి పొక్కులే కనిపిస్తున్నాయి, అదే చోట, అదే వరసలో. కాసేపు ఇద్దరూ ఆ చేతుల వంకే చూశారు.

మునివెంకటమ్మ తాడు అందుకోలేదు. పిల్లమ్మ పక్కనే నేల మీద చతికిలబడింది.

"మా తరిమెనకు మోటారు పెడితే, మా ఆయన కూలిలో నా తాడుకు ఎంత తీసేస్తావప్పా?" అని అడిగింది. "ఎంత తీస్తావో ఆ మాత్రం ఇప్పుడే నా చేతికియ్యి. లాగుతా."

"సొన్నప్పా! ఏందిరా ఇది?" అరిచాడు వెంకటరాయప్ప. సొన్నప్ప గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. సావుకారు ఇటు తిరిగాడు. "ఓబళా, లక్క సల్లారిపోతాంది. నీ పెండ్లానికి నువ్వు చెప్పు. పన్నెండూ నీవేనని చెప్పు. లేకుంటే ఆ గోనెపట్టా తియ్యి, మోటారు ఎయ్యి."

ఓబళప్ప మోటారు వైపు చూశాడు. చెయ్యి నొసటి కట్టు మీదికి పోయి అక్కడే ఆగింది. ఆ తర్వాత ఉలిని ఒడిలోంచి తీసి, తుడిచి, నేల మీద పెట్టాడు.

"నావి ఆరేనప్పా" అన్నాడు. "నువ్వే గదా చెప్పింది."

పిల్లమ్మ మొగుడి ముఖంలోకి చూడలేకపోయింది. తాడు రెండో కొసను మునివెంకటమ్మ ఒళ్ళోకి జరిపి, తన కొస తాను పట్టుకుని కూర్చుంది. సగం తీసిన గిన్నె ఇరుసు మీద కదలకుండా ఉంది. దాని అడుగున లక్క మెల్లమెల్లగా గట్టిపడుతోంది.