మూడో కార్డు

గాలిని కొట్టినా దెబ్బేనా, బంతికి తగలనే లేదు కదా, ఉన్నచోటే ఉంది, జానెడు గడ్డిలో కోడిగుడ్డులా తెల్లగా, నరసింహ కర్ర దించి అటూ ఇటూ చూశాడు, చూడకూడదని తెలిసీ చూశాడు, ఎవరూ లేరు, సోమవారం గాల్ఫ్ క్లబ్బుకు సెలవు, మెంబర్లు రారు, ఆడుకోవాలనుకున్న పనివాళ్లకు ఆ ఒక్క పూటే ఆట, ఇవాళ వాళ్లు కూడా రాలేదు, పొద్దుటి ఎండ ఇంకా ప్రహరీ పక్క తుమ్మకొమ్మల దగ్గరే ఆగి ఉంది, అవతల బెంగళూరు రోడ్డు మీద లారీల మోత, ఇవతల పద్నాలుగో గుంత, జెండా, తను, అంతే, ఊరికే ఊపి చూసుకున్నాననుకుంటే సరిపోతుంది, కొట్టేముందు అందరూ ఊపి చూసుకుంటారు, రెండుసార్లు, మూడుసార్లు, వాటినెవరూ లెక్కలో వేయరు, కానీ ఊరికే ఊపేటప్పుడు మనిషి పళ్లు బిగబట్టడు, తను బిగబట్టాడు, కొట్టాలనే ఊపాడు, కర్ర గడ్డి మీద జారి బంతి పైనుంచి పోయింది, ఆ సంగతి తన మోచేతులకు తెలుసు, మళ్లీ నిలబడి కొట్టాడు, ఈసారి బంతి శుభ్రంగా లేచి జెండా చుట్టూ నున్నగా కోసిన గ్రీన్ మీద వాలింది, అక్కడి నుంచి రెండు దెబ్బలకు గుంతలో పడింది, ఇక్కడిదాకా తెచ్చిన రెండు దెబ్బలతో కలిపి ఐదా, ఆరా, గాలికి పోయినదాన్ని కలిపితే ఆరు, వదిలేస్తే ఐదు.

చొక్కా జేబులోంచి కార్డు తీశాడు, చెవి మీది పెన్సిల్ తీశాడు, కార్డు అడుగున ఆటగాడి సంతకం దగ్గర ఖాళీ, చూసినవారి సంతకం దగ్గర మాత్రం రాజేశ్ పేరు అప్పుడే ఉంది, నీలం సిరాతో, రాజేశ్ తనతోపాటే గడ్డి కోసే మిషన్ నడుపుతాడు, మొదటి రెండు కార్డులకూ పద్దెనిమిది గుంతలూ వెంట నడిచి సంతకం పెట్టాడు, మొన్న శనివారం మాత్రం, అన్నా, సోమవారం బిడ్డను దవాఖానకు తోల్కపోవాలె, నేను రాను, ఇగో ముందుగాలనే పెట్టిచ్చిన, నువ్వేమన్న అబద్ధం రాసెటోనివా, ఫికర్ జెయ్యకు అని ఖాళీ కార్డు చేతిలో పెట్టి పోయాడు, తీసుకోకుండా ఉండాల్సింది, కానీ సెక్రటరీ సారు నెలాఖరులోగా అన్నాడు, మూడు కార్డులు నరసింహా, యాభై నాలుగు గుంతలు, వెంట ఉండి చూసినవాడి సంతకం, అప్పుడే నీకు హ్యాండికాప్ లెక్కకడతారు, అది పదిలోపు వస్తే కోచ్ శిక్షణకు నీ పేరు పంపుతా, మూడో కార్డు మొత్తం ఎనభై మూడు దెబ్బలు దాటితే మాత్రం రాదు అన్నాడు, తొమ్మిదేళ్లుగా, తెలంగాణ వచ్చిన ఏడు నుంచీ ఈ గడ్డి కోస్తున్నాడు తను, కోసిన గడ్డి మీద ఇంకొకరు ఆడటం చూశాడు, ఆ ఆట చూసి చూసి చేతుల్లోకి దిగింది, ఇప్పుడు ఒక్క అంకె అడ్డం, అమ్మ గోపమ్మకు ఫోన్లో ఈ సంగతి చెబితే, హ్యాండికాపా, గది మీ అన్నకిచ్చే సర్టిఫికెట్ గదరా, నీ కాళ్లు చేతులు మంచిగనే ఉన్నయి గద, నీకెందుకు అంది, అది వేరే అమ్మా, ఎవడు ఎన్ని దెబ్బలు ఎక్కువ కొడతడో లెక్కగట్టి అన్ని దెబ్బలు మాఫీ జేస్తరు, అప్పుడు పెద్ద ఆటగాడి పక్కన చిన్నోడు గూడ సమానంగ ఆడొచ్చు, అట్లనా, మంచిదే అయితే ఆ ఆట అంది అమ్మ.

మర్రిగూడ అవతల తమ ఊళ్లో నీళ్లు తియ్యగా ఉండేవి, ఫ్లోరైడ్ విషం తియ్యగా ఉంటుందని అప్పుడెవరికి తెలుసు, బోరు కొడితే చల్లగా పడేవి, గొర్లు తాగేవి, మనుషులు తాగేవాళ్లు, పిల్లల పళ్లు పసుపు తేలేవి, తర్వాత మోకాళ్లు లోపలికి తిరిగేవి, తర్వాత నడుము, షాద్‌నగర్ దగ్గర ఇచ్చిన చిన్నమ్మ పుల్లమ్మ ఒకసారి ఊరికొచ్చి ఇద్దరు పిల్లల నోళ్లూ తెరిపించి చూసింది, అక్కా, గీ నీళ్లు మంచిగలేవు, ఒక పిలగాన్ని నాకియ్యి, నేను సాదుకుంట, ఇద్దర్ని సాదే శక్తి నాకు లేదు అంది, నాయిన గొంగడి భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు, అమ్మ పొయ్యి వైపు తిరిగింది, ఎవరూ పేరు చెప్పలేదు, అప్పుడు తొమ్మిదేళ్ల బీరప్ప, అన్న, తమ్మున్ని తోల్కపో చిన్నమ్మా, నాకు గొర్లున్నయి అన్నాడు, అంత సులువుగా అన్నాడు, ఐదేళ్ల తను బస్సెక్కుతానన్న సంతోషంలో అన్న వైపు చూడనైనా లేదు, అన్న మందను వదిలి బస్సు వెంట ఎంతదూరం పరిగెత్తుకొచ్చాడో చిన్నమ్మ తర్వాతెప్పుడో చెప్పింది, ఆ పరుగే తనకు గుర్తులేదు, గుర్తున్నదల్లా కిటికీ ఊచల ఇనప వాసన, ఆ తర్వాత చాలా ఏళ్లకు నల్లాల్లో కృష్ణ నీళ్లొచ్చాయి, ఊరు ఊరంతా బిందెలు కడుక్కుంది, అన్న ఎముకలు అప్పటికే వంగాయి.

ఐదు అని రాస్తే ఎవరికి నష్టం, ఎవరి నోటి దగ్గరిది లాక్కున్నట్టు, పెన్సిల్ మొన గడి మీద పెట్టాడు, తీశాడు, వైకల్యం శాతం లెక్కగట్టి సర్టిఫికెట్ రాసే సదరం క్యాంపు రోజు గుర్తొచ్చింది, ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందో, అన్నను భుజం పట్టుకుని నల్గొండకు తీసుకుపోయింది తనే, వరుసలో నిలబడ్డ మూడు గంటలూ చెవిలో చెబుతూనే ఉన్నాడు, అన్నా, డాక్టర్ సారు ముందర జర వంగు, ఎట్లనన్న నీకు నొప్పే గద, ఇంకింత ఎక్కువ వంగితే ఏంబోతది, నలభై శాతం రాస్తేనే పింఛను, పేరు పిలవగానే అన్న కర్ర తన చేతికిచ్చి లోపలికి నడిచాడు, అక్కడ ఇద్దరు ఆడపిల్లలు కాగితాలు రాస్తూ కూర్చున్నారు, వాళ్ల ముందు అన్న రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, పెదవి కొరుక్కుని, మెడనరాలు ఉబ్బేలా, నిటారుగా లేచాడు, చిన్నప్పుడు గుట్టమీద నిలబడి మందను పిలిచేటప్పుడు ఉండేంత ఎత్తుకు కాకపోయినా దాదాపు అంతకు లేచాడు, డాక్టరు చూసిందే రాశాడు, ముప్పై ఐదు, బయటికొచ్చి అన్న చెట్టుకింద కూలబడితే తను అరిచాడు, ఏం జేసినవే, ఎందుకు లేచినవ్, అన్న చెమట తుడుచుకుని, ఏమోరా, నిలబడమన్నరు, నిలబడ్డ, ఉన్నదే రాయనీ అన్నాడు, రెండేళ్ల తర్వాత ఇంకో క్యాంపులో నిలబడమంటే లేవలేకపోయాడు, ఎంత లేద్దామన్నా లేవలేకపోయాడు, అప్పుడు డెబ్బై రాశారు, ఆ కాగితం చూసి ఇంట్లో అందరూ సంతోషించారు, తను కూడా సంతోషించాడు, పెన్సిల్ నొక్కి ఆరు రాశాడు, కార్డు జేబులో పెట్టాడు, నడిచాడు.

రాసేశాక తేలికపడుతుందనుకున్నాడు, పడలేదు, పదిహేనులో నాలుగు, పదహారులో నాలుగు, చేతులు వాటంతటవే ఆడుతున్నాయి, గాలి లేదు, నిన్న సాయంత్రం తను కోసిన చారలే కాళ్లకింద, ఒకటి ముదురాకుపచ్చ, ఒకటి లేత, పదిహేడో గుంత దగ్గర బంతిని పుల్ల మీద నిలబెడుతుంటే ఫోన్ మోగింది, సోమవారం ఈ వేళకు మోగేది ఒక్కటే ఫోన్, ఏం తమ్మీ, ఎంత దాంక వచ్చినవ్ అన్నాడు బీరప్ప, వెనకాల మేకపిల్ల అరుపు, పదిహేడు అన్నా, ఎట్లుంది, మంచిగనే ఉంది, ఒక దెబ్బ గాలికి పోయింది, రాసినవా అన్నాడు అన్న, రాసిన, మంచిది అన్నాడు, అన్న ఈ ఆట ఎన్నడూ చూడలేదు, అయినా ఏ గుంత పక్కన నీళ్లున్నాయో, ఏ గుంత కుడికి తిరుగుతుందో నోటికి చెబుతాడు, లెక్కపెట్టకుండానే మందలో ఒక్క జీవం తక్కువైందని పసిగట్టే మనిషి, తను చెప్పిన అంకెలన్నీ మనసులో పెట్టుకుని పోయిన సోమవారం కన్నా రెండు తక్కువ కొట్టినవ్ అని గుర్తుచేస్తాడు, ఎప్పుడో మొదట్లో ఒకసారి, నేనొక దినం సూడాలెరా ఆ ఆట అంటే, దూరమే అన్నా, బస్సు కుదుపులకు నీ నడుం నొస్తది అన్నాడు తను, నీ మాట గూడ నిజమే తియ్ అన్నాడు అన్న, ఆ తర్వాత ఇంకెప్పుడూ అనలేదు, ఇవాళ అన్నాడు, వచ్చే సోమవారం చిన్నమ్మను సూడనీకె షాద్‌నగర్ వస్తున్న నర్సిమ్మా, పానం బాగలేదంట ఆమెకు, ఆటో పిలగాన్ని మీ గేటు కాడ జరసేపు ఆపమంట, గేటు సందుల కెల్లి నువ్వొక దెబ్బ కొట్టేది సూసి పోత, లోపలికేం రాను, నీకు ఇబ్బంది వద్దు, ఎవలన్న అడిగితే ఊరాయన అనే చెప్పు.

ఊరాయన, ఆ మాట అన్న ఎంత మామూలుగా అన్నాడు, ఎండకు గొడుగు పట్టుకో అన్నంత మామూలుగా, తను ఏదో అన్నాడు, సరే అన్నాడో, ఉంట అన్నాడో, ఫోన్ పెట్టేశాడు, పదిహేడో గుంతలో దెబ్బలు ఎలా కొట్టాడో తెలియదు, నాలుగని రాశాడు, నాలుగే, కానీ కళ్లముందున్నది గుంత కాదు, గేటు, నాలుగేళ్ల కిందటి మధ్యాహ్నం, వాచ్‌మెన్ ఫోన్ చేశాడు, నీకోసం ఎవరో ముసలాయన వచ్చిండన్నా అన్నాడు, ముసలాయన కాదు, అన్నకు అప్పుడు నలభై, పెళ్లికి చిన్నమ్మ ఊరొచ్చి, అడుగుతూ అడుగుతూ ఒక్కడే ఆటో మాట్లాడుకుని వచ్చాడు, గేటు చువ్వలు పట్టుకుని, మెడ పైకి ఎత్తలేక పక్కకు తిప్పి గడ్డిని చూస్తున్నాడు, అరే తమ్మీ, గింత గడ్డి పెంచి కోసి పారేస్తరా, మందను తోలితే రెండు దినాలల్ల నున్నగ జేస్తది అని నవ్వాడు, లోపల నలుగురు మెంబర్లు బండి ఎక్కుతున్నారు, వాళ్లలో ఒకాయన అంతకుముందు నెలే, నీ ఆట బాగుందోయ్, మీ ఇంట్లో అందరూ ఇలా నీలాగే నిటారుగా ఉంటారా అని అడిగితే, నేనొక్కన్నే కొడుకును సార్ అన్నాడు తను, నోట్లోంచి అలా వచ్చేసింది, ఇప్పుడు వాళ్లు ఇటే చూస్తున్నారు, వాచ్‌మెన్ అడిగాడు, ఎవలన్నా ఈయన, మా ఊరాయన అన్నాడు తను, ఇవాళ లోపల పెద్ద పోటీ ఉంది, రానియ్యరు అన్నాడు అన్నతో, పోటీ లేదు ఏమీ లేదు, రోడ్డు అవతలి హోటల్లో చాయ్ తాగించి, ఆటో ఎక్కించి, జాగ్రత్తగ పో అని చెప్పి వచ్చాడు, గడ్డిని చూస్తున్నాడు కదా, వినలేదులే అనుకున్నాడు, ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే భార్య నాగరాణి అడిగింది, బావ అంత దూరమొచ్చి ఇంటికి రాకుండనే పోయిండా, తొందరున్నదన్నడు అన్నాడు తను, అది కూడా ఒక అబద్ధం, ఆ తర్వాతి సోమవారం పొద్దున్నే అన్న ఫోన్ చేశాడు, ఎప్పటిలాగే, ఏం తమ్మీ, ఎంత దాంక వచ్చినవ్.

పద్దెనిమిదో గుంత ముందున్నది, ఆఖరిది, కార్డు తీసి కూడాడు, డెబ్బై ఎనిమిది, ఐదు దెబ్బల్లో వేస్తే ఎనభై మూడు, వేయగలడు, కళ్లు మూసుకుని వేయగలడు, చెరువు లేదు, మలుపు లేదు, రాసినవన్నీ నిజమే, కానీ కింద చూశానని పెట్టిన సంతకం చూడనివాడిది, ఈ కార్డు ఇవ్వడు, బల్ల మీద కూర్చుని కార్డును నాలుగు మడతలు పెట్టాడు, నెలాఖరులోగా ఇంకో సోమవారం ఉంది, అన్న వచ్చేది ఆ రోజే, మొదటి నుంచి చివరిదాకా వెంట ఉన్నవాడెవడైనా సంతకం పెట్టొచ్చు, లెక్క తెలిసినవాడైతే చాలు అన్నాడు సెక్రటరీ సారు, అన్న మూడో తరగతి చదివాడు, తన పేరు రాస్తాడు, బ్యాటరీ బండిలో కూర్చోబెట్టి తిప్పొచ్చు, ముందు సారు దగ్గరికి పోయి మా అన్న వస్తున్నడు సార్ అని చెప్పాలి, మా అన్న అనే మాట ఈ ప్రహరీ లోపల ఇంతవరకు ఎవరి ముందూ తన నోట రాలేదు, ఫోన్ తీసి బీరప్ప పేరు నొక్కాడు, రింగవుతోంది, అన్న ఫోన్ ఎత్తడానికి సమయం పడుతుంది, మంచం పట్టె పట్టుకుని లేవాలి, గోడకు వేలాడేసిన సంచి దాకా నడవాలి, రమ్మంటాను, లోపలికే రమ్మంటాను, ఆ దినం నువ్వు వినలేదనుకున్న అన్నా అంటాను, ఆ మాట అనగలడా, గేటు దగ్గర వాచ్‌మెన్‌కు జవాబు చెప్పాక తను అన్న ముఖం వైపు చూడలేదు, చాయ్ గ్లాసు చూశాడు, ఆటో చక్రం చూశాడు, రోడ్డు చూశాడు, ఆటో మలుపు తిరిగేదాకా అన్న ముఖం తప్ప అన్నీ చూశాడు, వినలేదని నమ్మినవాడు ఎందుకు చూడడు, రింగవుతూనే ఉంది, అన్నకు వినబడిందని తనకు ఆ రోజే తెలుసు.