నానమ్మ బాగానే ఉంది

మా అమ్మాయి బెగిమాయ్ ఇక్కడే బిష్కెక్‌లో ఆర్ట్ కాలేజీలో డిజైన్ చదువుతోంది. క్లాసులో ఏ పని ఇచ్చినా టీచరు చూసేలోపే దాన్ని లోకమంతా చూసేయాలి దానికి. ఎండు పెరుగుండల పొట్లం మీద వేసిన బొమ్మ, బస్టాపు బోర్డు, అన్నీ తన పేజీలో పెట్టేసేది. మెచ్చుకునేది ఎవరయ్యా అంటే నరిన్‌లో ఉన్న మా చుట్టాలే. డిజైనంటే ఏమిటో వాళ్లలో ఒక్కరికీ తెలీదు గానీ, పిల్ల ఏది పెట్టినా ఇంటింటికీ పంచేవాళ్లు.

ఆ వారం క్లాసులో ఇచ్చింది చావు కబురు కార్డు. అక్షరాల కూర్పు నేర్పడానికట. ఊరికే ఎవరిదో మొహం పెట్టకండి, మీరు బాగా ఎరిగిన మొహం తీసుకోండి అన్నాడట ఆ టీచరు మహానుభావుడు. మా పిల్ల బాగా ఎరిగింది నానమ్మ మొహం. మా అత్తగారికి ఫొటో అంటే మహా సరదా. తెల్ల తలగుడ్డ సవరించుకుని కిటికీ పక్కన కూర్చుంది, ఎందుకే అని కూడా అడగలేదు. ఇది ఆ ఫొటోని నలుపు తెలుపు చేసి, చుట్టూ నల్ల అంచు వేసి, కింద ఉల్కాన్ అని అసలు పేరే రాసి పేజీలో పెట్టింది. పైన క్లాసు పని అని రాసిందిలెండి. చుట్టాల్లో ఎవరో ఆ ముక్క వదిలేసి, కార్డు ఒక్కటే కత్తిరించి అందరికీ పంపారు.

పంపినవాళ్లు మాకు ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటారేమో. చావింటికి ఫోన్ చేసి అడగరు మా వైపు, బయల్దేరి వస్తారు. కన్నకొడుక్కైతే తల్లి పోయిందని ఫోన్లో అసలే చెప్పరు. ఒంట్లో కాస్త నలతగా ఉంది, ఓసారి వెళ్లిరా అంటారు. వాడికీ అర్థమవుతుంది, ఎదురు అడగడు. ఇంటి ముందుకు చేరాకే ఏడుపు.

అందుకే మాకేమీ తెలీదు. శనివారం భోజనాలయ్యాక నరిన్ నుంచి మా తోడికోడలు ఫోన్ చేసింది. గుడారం వేశారా అని గొంతు తగ్గించి అడిగింది. ఎవరైనా పోతేనే వాకిట్లో గుడారం వేసేది. ఎవరికక్కా గుడారం అన్నాను. ఆవిడ ఏడుస్తూ కార్డు సంగతి చెప్పింది. బావగారికి చూపించలేదట, అమ్మకి జ్వరమని మాత్రమే చెప్పిందట. ఆయన అన్నం ముందు నుంచి లేచి కారు తీశాడట.

నరిన్‌కీ మాకూ మధ్య డోలోన్ కనుమ ఉంది. రాత్రి నుంచీ మంచు ఆగకుండా పడుతోంది. ఆ కారు టైర్లు బోడిగుండులా అరిగిపోయాయి. గుడారం బయట నడుముకి గుడ్డ కట్టుకుని, ఏడుస్తూ నిలబడాల్సింది పెద్దకొడుకు, అంటే బావగారే. ఆలస్యమైతే బతికినన్నాళ్లూ తలెత్తుకోలేడు. ఎక్కడా ఆగడని నాకు తెలుసు.

పిల్లని కొట్టడానికి చెయ్యెత్తాను. దాని మొహం చూసి దించేశాను. బావగారితో నేను నేరుగా మాట్లాడను, అందుకని దానిచేతే ఫోన్ చేయించాను.

"పెదనాన్నా, నానమ్మ బాగానే ఉంది. టీ తాగుతోంది. నువ్వు రావద్దు, ఎక్కడైనా ఆగిపో."

అటునుంచి ఇంజను రొద మధ్య ఆయన గొంతు వినబడింది.

"తెలుసు తల్లీ," అన్నాడు. "బాగానే ఉంటుంది. నువ్వు ఏడవకు. మీ అమ్మకి తోడుండు."

"అది కాదు పెదనాన్నా, నేను క్లాసులో..."

"వచ్చేస్తున్నానమ్మా." పెట్టేశాడు.

ఎలా నమ్ముతాడు? తల్లి పోయిన కొడుక్కి ఎవరైనా చెప్పే మాటలే అవి. బాగానే ఉందని మేం ఎంత గట్టిగా చెబితే ఆయనకి అంత ఖాయమైపోతుంది. మళ్లీ చేస్తే కలవలేదు. నానమ్మ టీ తాగుతుంటే వీడియో తీసి పంపింది పిల్ల. అది ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయింది. కనుమ ఎక్కేశాడు, అక్కడ సిగ్నల్ ఉండదు.

బతికున్న మనిషికి, నువ్వు పోయావని కబురెళ్లింది అని ఎలా చెప్పను? అయినా చెప్పాను. మా అత్తగారు కార్డు చూపించమని అడిగింది. ఫోను దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. అక్కడ మంచు పడుతోందా అని అడిగింది, అంతే. ఆవిడ తిట్టకపోయేసరికి నా భయం రెట్టింపైంది.

పక్కింటాయన వచ్చి, కనుమ మీద ఏదో కారు లోయలోకి జారిందట అని చెప్పి వెళ్లాడు. కారు రంగేమిటో ఆయనకి తెలీదు. బెగిమాయ్ పేజీలోంచి కార్డు తీసేసింది, తర్వాత పొట్లం, బస్టాపు, ఒక్కొక్కటే అన్నీ తీసేస్తూ కూర్చుంది. మా అత్తగారు కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. పెట్టిన టీ పెట్టినట్టే చల్లారిపోయింది.

చీకటి పడబోతుండగా సందు చివర మగగొంతు ఏడుపు వినబడింది.

"నా కొండంత అమ్మా, నన్నొదిలి ఎక్కడికెళ్లావే..."

ఏడుపు విని నా ప్రాణం లేచొచ్చింది. బతికే ఉన్నాడు. తలుపు తీయబోతే మా అత్తగారు నా మణికట్టు పట్టుకుంది. ఆయన తల వంచుకుని, నడుముకి గుడ్డ కట్టుకుని, వాకిట్లో గుడారం లేదన్నది కూడా చూడకుండా ఏడుస్తూ వస్తున్నాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే వీపున కట్టుకుని మేకల వెంట తిరిగావన్నాడు. పోయిన వేసవికి వస్తానని రాలేదు, నన్ను క్షమించమన్నాడు. ఆవిడ వేళ్లు నా చేతిని నొప్పెట్టేలా నొక్కేశాయి.

అప్పుడు ఆవిడే తలుపు తీసింది.

బావగారు సగం మాట దగ్గర ఆగిపోయాడు. వెనక వీధిలైటు కింద కారు ఒక పక్కంతా నొక్కుకుపోయి ఉంది. మా అత్తగారు దాన్ని చూసింది, ఆయన నుదుటి మీది నెత్తురు చూసింది. తలగుడ్డ కొసతో అది తుడుస్తూ అంది:

"ఒరేయ్ జోల్దోష్, నేను నిజంగా పోయిన రోజు మంచు పడుతుంటే రాకు. నీ ఏడుపు నేను వినేశాను."