జాగారం మర్నాటి నెత్తురు

బ్రూస్‌పేట విరూపాక్షయ్య శెట్టి బలచూర్ణం తయారు చేశాడు. మంచి పనికి మంచి రోజు కావాలి గదా! శివరాత్రి మర్నాడు పొద్దున, తొలి చెంచా మింగించే ముందు, కుస్తీ గరిడీలో పైల్వాను ఎర్రిస్వామికి నెత్తురు తీయించాడు. మగవాడి బలానికి సంబంధించిన హార్మోను ఎంతుందో చూడమని బెంగళూరు పంపించాడు. మూడు వందల పది. నెలన్నర చూర్ణం తినిపించి మళ్లీ తీయిస్తే ఐదు వందల అరవై!

ఇక డబ్బా మీద ఎర్రిస్వామి ఫోటో వేస్తారట. మండీలో మూటలు మోసే హమాలీకి అంతకంటే ఏం కావాలి? ఛాతీ ఉబ్బింది. కానీ తోటి హమాలీ పాపన్న ఒక మాటన్నాడు.

"నువ్వు మంచిదంటే నేనూ కొంటానప్పా. నీ మాట మీదనే."

ఆ మాట గుచ్చుకుంది. పాపన్న కొంటే మండీ మొత్తం కొంటుంది. తన మాట అబద్ధమైతే?

రెండుసార్లూ నెత్తురు తీసిన ల్యాబు సౌభాగ్యమ్మ దగ్గరికే పోయాడు.

"అక్కా, ఇది చూర్ణం మహిమేనా?"

"మొదటిసారి నీ కండ్లు చింతనిప్పుల్లా ఉన్నెయ్యే. నిద్ర పోలేదా?"

"శివరాత్రి గదక్కా! ఉపవాసం, జాగారం. ఆ ముందు రాత్రి రెండు లారీలు దించినాం."

"రెండోసారి?"

"మోక పల్లెలో మా అక్కింట్లో పది దినాలుండి వచ్చినా. జొన్నరొట్టె, మజ్జిగ, కంటినిండా నిద్ర."

"మరి శెట్టి కొలిచింది చూర్ణాన్నా, నీ నిద్రనా? తిండీ నిద్రా లేకుంటే ఆ లెక్క పడిపోతాది. ఆ పొద్దే అడగాల్సింది, తప్పు నాది గూడా ఉండాది. నెల దినాలు చూర్ణం మాను. వేళకు తిను, పండుకో. ముందురోజు కుస్తీ వద్దు, మూటలొద్దు. పోయినసార్ల మాదిరే పొద్దున ఎనిమిది గంటలకు రా."

నెల గడిచింది. చెంచా చూర్ణం ముట్టలేదు. ఐదు వందల డెబ్బై!

కాగితం పట్టుకుని అంగడికి పోయాడు. వెనకే పాపన్న.

"పాత చూర్ణం ఇంకా నెత్తురులో ఉండాదప్పా," అన్నాడు శెట్టి.

"అట్లనా? ఈ పొద్దు నుంచి మళ్లీ తింటా. నెల తిని, ఉపవాసముండి, జాగారం చేసి నెత్తురిస్తా. నీ చూర్ణం ఈ లెక్కను నిలబెడతాదేమో చూద్దాం. పక్కన నువ్వే కూచో శెట్టీ, వస్తావా?"

శెట్టి తక్కెడ తుడవడం మొదలుపెట్టాడు.

"నా ఫోటో ఇచ్చెయ్. కాదంటే కింద రాయించు, ఈయప్ప పది దినాలు పండుకున్నాడని."

ఫోటో చేతికొచ్చింది. కూలివాడి ఒంటిని తన డబ్బాలో పోసి అమ్ముకునేవాడు ఊరికొకడుంటాడు. ఎర్రిస్వామి ఒళ్లు మాత్రం ఎర్రిస్వామిదే. ఆ లెక్క కాగితంలోనే ఉంది.

"అయితే నేనేం కొనాలప్పా?" అన్నాడు పాపన్న.

"ఏమీ కొనొద్దు. పా, హమాలీల మేస్త్రీకి చెప్దాం. పగలు మోసినోళ్లను రాత్రి లారీకి పిలిస్తే రామని."

ఫోటో జేబులో పెట్టుకుని, తలెత్తుకుని మండీ వైపు నడిచాడు.