గొట్టానికి అటు చివర

ఆ శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోగా పొట్టి ఏదో ఒక జవాబు పంపాలి. పంపకపోతే ఆ విదేశీ యూనివర్సిటీ ఆమె సీటు ఇంకొకరికి ఇచ్చేస్తుంది. అప్పటికే మూడు కావస్తోంది. అసలు సీటు వచ్చిన సంగతే ఆమె ఇంకా తల్లికి చెప్పలేదు.

పొట్టి అన్నది చిన్నప్పుడు తల్లి పనిచేసే వర్క్‌షాపులో పెట్టిన పేరు. ఇప్పుడు తల్లికంటే జానెడు ఎత్తు, అయినా పేరు మాత్రం ఎదగలేదు. తల్లిని అందరూ గాజక్క అంటారు. ఊళ్ళోని యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంటులో, మెట్ల కింద గదిలో, ఇరవై రెండేళ్ళుగా మంట ముందు కూర్చుని ప్రయోగాలకి కావలసిన గాజు గొట్టాలూ ఫ్లాస్కులూ ఊది అతుకుతోంది. బడి వదిలాక పొట్టి ఆ గదిలోనే ఒక మూల కూర్చుని హోంవర్కు చేసుకునేది. పక్క ల్యాబులో గాలి కూడా ద్రవమైపోయేంత చల్లదనం పుట్టిస్తారు. దాన్ని అందరూ చలిగది అంటారు. అక్కడ పొగలు కక్కుతున్న ఫ్లాస్కుని చూసి, పెద్దయ్యాక ఇదే చదువుతానని తొమ్మిదో ఏటే చెప్పింది. ఇక్కడే చేరుతుందన్న విషయంలో ఎవరికీ అనుమానం లేదు. బళ్ళో ఫిజిక్స్ మాస్టారు ఊరికే ఒక రాయి వేసి చూడమంటే, విదేశానికి దరఖాస్తు పెట్టింది. ఆ రాయి తగిలింది. అప్పట్నుంచీ మూడు వారాలు, మాట నోటిదాకా రావడం, మింగేయడం.

ఆ రోజు గాజక్క సహాయకుడికి జ్వరం. "చేతులు కడుక్కుని రా, అటు చివర పట్టుకో" అంది తల్లి.

చలిగదికి చేస్తున్న పెద్ద ఫ్లాస్కు అది. ఇద్దరూ రెండు చివర్లా పట్టుకుని ఒకే వేగంతో తిప్పుతుండాలి. ఒక్క చెయ్యి ఆగినా మెత్తబడ్డ గాజు జారిపోతుంది. నెల రోజుల పని బూడిదలో పోసిన పన్నీరవుతుంది. తల్లి నోట్లో రబ్బరు గొట్టం. దానిలోంచే కొద్దికొద్దిగా ఊదుతోంది. అతుకు ఎర్రబడింది.

సరిగ్గా అప్పుడే డిపార్ట్‌మెంటు హెడ్డు, పెద్దసారు, గుమ్మంలోకి వచ్చాడు. "ఏం పొట్టీ, మీ మాస్టారు ఇప్పుడే ఫోన్లో చెప్పారు. విదేశంలో సీటు వచ్చిందటగా. ఇవాళే ఆఖరి రోజట. వెళ్తున్నావా మరి?"

తల్లి చెయ్యి ఆగింది.

అరక్షణమే. ఎర్రటి గాజు ఒక పక్కకి జారడం పొట్టికి కనబడింది. తనూ ఆపాలా, తిప్పాలా? ఆపితే జారుతుంది, తిప్పితే మెలిపడుతుంది. తల్లి కళ్ళు పైకి లేచాయి. మంట కోసం పెట్టుకున్న నల్ల అద్దాల వెనక ఏముందో తెలియలేదు. తిప్పమన్నట్టు తల మాత్రం ఒకసారి ఊపింది. మళ్ళీ రెండు చివర్లూ కలిసి తిరిగాయి. అతుకు కుదురుకునేదాకా ఇంకో పది నిమిషాలు అలాగే తిప్పారు. తల్లి నోట్లో గొట్టం ఉంది. పొట్టికి గొట్టం లేకపోయినా నోరు పెగల్లేదు. పెద్దసారు ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

ఫ్లాస్కుని నిదానంగా చల్లార్చే ఓవెన్లో పెట్టి, తలుపు వేసి, తల్లి ఇటు తిరిగింది.

"ఎన్నాళ్ళైంది?"

"మూడు వారాలు."

"మూడు వారాలు నా ఎదురుగా కూర్చుని తిన్నావు."

"చెప్తే వద్దంటావని."

"అనేదాన్నే. పోవాలనుందా నీకు?"

"తెలీదమ్మా. పాఠాలు ఎక్కడైనా అవే. ఇక్కడ చలిగది ఉంది, రెండో ఏడు నుంచే రానిస్తానని నిరుడే అన్నారు పెద్దసారు. కానీ ఇక్కడ నేనెప్పుడూ గాజక్క కూతుర్నే. తప్పు చెప్పినా నవ్వి ఊరుకుంటారు. నాకు ఫిజిక్స్ వచ్చో రాదో ఎవరూ చెప్పరు."

"పెరటి చెట్టు మందుకి పనికిరాదు" అంది తల్లి.

"నేనలా అనలేదు."

తల్లి స్టూలు మీద కూలబడింది. ఆ భుజాలు అంతగా వంగిపోగా పొట్టి ఎన్నడూ చూడలేదు. "పోనీలే, ఉండిపోతా. ఇక్కడే చేరతా. రానని రాసేస్తా" అని ఫోను తీసింది.

తల్లి మొహం ఒక్కసారి తేటపడింది. అంతలోనే నల్లబడింది.

"ఆగు" అంది. "చలిగది వచ్చే ఏడు మూసేస్తున్నారు. పెద్దసారు రిటైరవుతున్నారు. ఆ యంత్రానికి భాగాలు దొరకడం లేదు. ఇదే ఆఖరి ఫ్లాస్కు."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఐదు నెలలైంది."

పొట్టి ఫోను దించింది. "చేరాక తెలిస్తే ఎక్కడికీ పోలేనని దాచావు."

"అవును" అంది తల్లి, తల దించకుండానే.

మూడున్నర దాటింది. పొట్టి మెట్లెక్కి పరుగున పెద్దసారు గదికి వెళ్ళింది. నిజమేనా అని అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నిజమే. సంతకాలు కూడా అయిపోయాయి. కాగితం మీద లెక్కలు కట్టే ఫిజిక్స్ కావాలంటే ఇక్కడే ఉండు, మంచివాళ్ళున్నారు. చేత్తో చేసే పని కావాలంటే మాత్రం ఉండమని చెప్పే మొహం నాకు లేదు."

వరండాలో నిలబడి ఫోను తెరిచింది. యూనివర్సిటీ పేజీ తెరుచుకోకుండా తిరుగుతూనే ఉంది. మూడూ నలభై ఎనిమిది. యాభై రెండు. ఏం కావాలో అప్పటికే తెలుసు. తెలిసినందుకే తల్లి మీద కోపం ఇంకా పెరిగింది. నిజం చెప్పి దారి తెరిచిందీ ఆమే, అది ఐదు నెలలు మూసిపెట్టిందీ ఆమే. మూడూ యాభై ఆరుకి పేజీ వచ్చింది. 'వస్తాను' అన్నచోట నొక్కింది.

కిందకి వచ్చి, "పంపేశా. వెళ్తున్నా" అంది. తల్లి తలూపి మంట ఆర్పింది. ఇద్దరూ ఒకే బస్సులో వేరువేరు సీట్లలో కూర్చుని ఇంటికి వెళ్ళారు.

ఆదివారం మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ తల్లి అడిగింది, "అక్కడ గాజు పని చేసేదెవరట?"

"తెలీదు."

"కనుక్కో. చేరిన రోజే వెళ్ళి పలకరించు. పనిలో ఉంటే మాత్రం గుమ్మం దగ్గరే ఆగు."

పొట్టికి కోపం పోలేదు. అయినా మడతపెట్టని బట్టలు సగం తన వైపు లాక్కుంది.