సీల్ తీయని డబ్బాలు

“డబ్బాలు డిక్కీలో పెట్టాను. నువ్వేం మాట్లాడక్కర్లేదు. షెడ్డువాళ్ళకిచ్చి, ఆయిల్ మార్చేదాకా కూర్చో,” అన్నాడు భర్త గ్యూచోల్, బూట్లు తొడుక్కుంటూ.

హేసుక్ కారు తీసింది. డబ్బాల్లో ఉన్నది చిక్కటి ఇంజన్ ఆయిల్, టాక్సీ తోలి రిటైరైన మామగారి ఎంపిక. “నీళ్ళ పులుసు తాగి ఎవడైనా బరువు మోస్తాడా?” అంటారాయన, పల్చటి ఆయిల్ పేరెత్తితే.

పోయిన శీతాకాలమూ అదే పోయించారు. వొంజు ఊరి చలిలో అత్తగారిని డయాలసిస్‌కి తీసుకెళ్ళడానికి పొద్దున్నే స్టార్ట్ చేస్తే, ఆ చిక్కటి నూనె పైకెక్కేదాకా ఇంజన్ గలగలలాడేది. చెబితే భర్త నవ్వాడు. “నీకు ప్రతి చప్పుడూ జబ్బులాగే వినిపిస్తుంది సోరా అమ్మా,” అన్నాడు, ఎప్పట్లాగే కూతురి పేరుతో పిలుస్తూ. ఆ చప్పుడు ఇంజన్‌లో ఉందా, తన తలలో ఉందా అని కొన్నాళ్ళు ఆమె తననే అనుమానించుకుంది. చివరికి డయాలసిస్ వార్డు బయట కూర్చుని, కారుతో ఇచ్చిన పుస్తకం తిరగేసింది. ఈ కారుకి పొయ్యాలని అందులో ఉన్న ఆయిల్ జీరో డబ్ల్యూ ట్వంటీ. పల్చటిది. ఆ పుస్తకాన్ని ఇంట్లో ఎవరూ విప్పినట్టు లేదు.

ఇవాళ ఆమె కారు ఆపింది, ఆయిల్ మనం తెచ్చుకుంటే కూలి మాత్రమే తీసుకునే షెడ్డు ముందు. మెకానిక్ డబ్బా తిప్పి చూశాడు.

“ఈ బండికిది చిక్కనండీ మేడమ్. పల్చటిది మా దగ్గరుంది. సార్‌ని ఓ మాట అడగండి.”

చెయ్యి దానంతటదే ఫోను కోసం సంచిలోకి వెళ్ళింది. పరాయివాళ్ళ చేతిని చూసినట్టు ఆమె దాన్ని చూసింది. నెమ్మదిగా బయటికి తీసుకుంది.

“నడిపేది నేను. పల్చటిదే పొయ్యండి.”

“సార్ వచ్చి నా మీద పడితే?”

“నా మీదే పడతారులెండి. అలవాటే.”

గోడ మీది పలకలో ఏ పనికెంత కూలో వరసగా రాసి ఉంది. ఇంట్లో అలాంటి పలక ఉంటే తన పనులు ఎక్కడిదాకా వచ్చేవో ఊహించబోయి, అలసటొచ్చి మానుకుంది.

మర్నాడు మంచు గట్టిగా పట్టింది. ఆఫీసుకు సెలవు కావడంతో గ్యూచోల్ తనే దిగివచ్చి స్టార్ట్ చేశాడు. ఇంజన్ మెత్తగా అందుకుంది.

“విన్నావా? చప్పుడే లేదు. నాన్న మాటంటే మాటే.”

హేసుక్ డిక్కీ తెరిచింది. సీల్ తీయని డబ్బాలు ఒక్కొక్కటే దించి అతని కాళ్ళ దగ్గర పెట్టింది. అతను వాటినీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

“చప్పుడు లేదుగా,” అంది. “ఇవాళ డయాలసిస్‌కి మీ అమ్మగారిని మీరే తీసుకెళ్ళండి.”

వెనుదిరిగి మెట్లెక్కింది.