రెండో కేక

నా వృత్తి కేకలు వేయడం. చికాగోలో ఒక రేడియో స్టేషన్ నుంచి ప్రతి గురువారం సాయంత్రం 'వంతెన కింద' అనే నేరకథల నాటకం వచ్చేది. అందులో నాయిక మాట్లాడేది, ఏడ్చేది, ప్రేమించేది. ప్రాణం మీదికి వచ్చేసరికి మాత్రం ఆవిడ పక్కకు తప్పుకుంటే నేను మైకు దగ్గరికి వెళ్లేదాన్ని. అరిస్తే ఆవిడ గొంతు పాడవుతుందట. నా గొంతు ఏమైనా ఎవరికీ నష్టం లేదు. మైకుకు ఎదురుగా అరిస్తే యంత్రం తట్టుకోదు కాబట్టి తల తిప్పి గోడకేసి అరవాలి. అలా ఏళ్ల తరబడి గోడలను భయపెట్టి బతికాను.

నాటకంలో చప్పుళ్లు చేసే ఆర్విల్, కత్తిపోటు పడాల్సిన చోట క్యాబేజీని పొడిచేవాడు. అంతా అయ్యాక ఆ క్యాబేజీని నా చేతిలో పెట్టేవాడు. యుద్ధం రోజులు, తిండి పారేస్తే కళ్లు పోతాయి. దాన్ని తెచ్చి, మా ఇంటి కింది అంతస్తులో ఉండే జోసియాకు ఇచ్చేదాన్ని. ఆ పోలిష్ పిల్ల దానితో సూప్ కాచి సగం నాకు పంపేది.

"ఈ వారం ఎవరు చచ్చారక్కా?" అనేది క్యాబేజీని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"బ్యాంకు గుమాస్తా."

"పాపం, లేతగా ఉన్నాడు."

జోసియా నవ్వితే పెదవి పక్కన పాత గాటు కనబడేది. అది ఆమె మొగుడు కజిమిర్ చేసిన పని. అతను పశువులను కోసే చోట పనిచేసేవాడు. అక్కడ సరిపోనట్టు ఇంటికొచ్చి కూడా చెయ్యి చేసుకునేవాడు. మా వీధి పోలీసు ఒకసారి వచ్చాడు. మొగుడూ పెళ్లాల మధ్య మనమెందుకమ్మా అని నాకు నీతులు చెప్పి, కజిమిర్ పోసిన బీరు తాగి వెళ్లిపోయాడు.

"గట్టిగా అరవొచ్చు కదే," అన్నాను ఒకరోజు. "మూడంతస్తుల జనం ఉన్నారు. ఒక్కరైనా రారా?"

జోసియా నన్ను వింతగా చూసింది. "నేనరిస్తే నువ్వే అనుకుంటారక్కా."

నేను ఆ ఇంట్లో దిగిన కొత్తలో నా సాధన విని రెండుసార్లు పోలీసులు వచ్చారు. అప్పుడు ఇంటి యజమాని తలుపు తలుపుకూ వెళ్లి, పైన ఉండే మేవిస్ రేడియోలో చచ్చే మనిషి, ఆమె అరిస్తే కంగారుపడకండి అని చెప్పి వచ్చాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో కేక వినబడితే పేపరులోంచి తల ఎత్తేవాడు లేడు. నాన్నా పులి కథలో అబద్ధమాడిన కుర్రాడికే శాస్తి జరిగింది. ఇక్కడ జోసియా ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఆడింది నేను, జీతం తీసుకుని.

అందుకని ఇద్దరం ఇంకో దారి వెతుక్కున్నాం. నేలమాళిగలోని బాయిలరు నుంచి, గదులు వెచ్చబెట్టే ఆవిరి గొట్టం జోసియా వంటగదిలోంచి నా వంటగదిలోకి వచ్చేది. బొగ్గు వేయడానికి నిల్స్ అనే ముసలాయన ఉండేవాడు. పరమ పిసినారి, ఆ బొగ్గేదో తన తాత సొత్తయినట్టు. చలికి ఓర్వలేక జనం గొట్టం మీద గరిటెతో టంగుటంగున కొడితే అప్పుడు పార ఎత్తేవాడు.

"వాళ్లు ఆపకుండా బాదుతారు," అన్నాను జోసియాతో. "నువ్వు మూడు కొట్టి ఆగు. మళ్లీ మూడు కొట్టు. నేను వచ్చేస్తా."

అలా మూడు నాలుగుసార్లు నడిచింది. గొట్టం మోగితే ఖాళీ కప్పు పట్టుకుని దిగి తలుపు కొట్టేదాన్ని. కజిమిర్ రొప్పుతూ తలుపు తీసేవాడు.

"కాస్త చక్కెర ఉంటే పెట్టవయ్యా."

"మళ్లీనా? రేషన్ రోజుల్లో ఇంత చక్కెర ఏం చేస్తున్నావు, చీమలను మేపుతున్నావా?"

"మేపుతున్నా. మంచి జాతి చీమలు."

గుమ్మంలో పరాయి మనిషి నిలబడితే అతని చెయ్యి ఎందుకో కిందికి దిగేది. అంత పిరికివాడు. నేను కప్పుతో కూర్చుని, వాతావరణం గురించి, యుద్ధం గురించి వాగేదాన్ని. అతని ఒగర్పు తగ్గాకే లేచేదాన్ని. కానీ పిరికివాడికి తెలివి ఉండకూడదని ఎక్కడా లేదు. చివరిసారి చక్కెర పోస్తూ నా మొహంలోకి చూసి నవ్వాడు.

"నీవి పాము చెవులు మేవిస్. గురువారం సాయంత్రం మాత్రం నువ్వు ఇక్కడ ఉండవు కదూ. మేం నీ నాటకం తప్పకుండా వింటాం."

ఆ మాట జోసియాతో అంటే, ఆమె తలుపు వేసి వచ్చి గుసగుసగా చెప్పింది. మిల్వాకీలో వాళ్ల పిన్ని ఉంది. శుక్రవారం పొద్దున కజిమిర్ పనికి వెళ్లగానే రైలెక్కేస్తుంది. మధ్యలో ఒక్క గురువారం గడవాలి, అంతే.

"గురువారం నాతో స్టేషన్‌కి రా. ఆర్విల్ పక్కన కూర్చుని క్యాబేజీ చూద్దువుగాని."

"ఇన్నాళ్లూ గడప దాటనిదాన్ని ఆ రోజే దాటితే అనుమానం రాదా అక్కా? అతను నాటకం పెట్టుకుంటే ఇంక కదలడు. నీ కేక విని పడుకుంటాం."

ఆ మాటతో సరిపెట్టుకున్నాను. జుట్టు పట్టి లాక్కెళ్లాల్సింది.

ఆ గురువారం కథలో ఒక విధవ, వెంటబడ్డ హంతకుడికి పడవల రేవులో చిక్కుతుంది. స్క్రిప్టులో కేక ఒక్కటే. నేను గోడకేసి తిరిగి అరిచాను. గాజుకు అవతల డైరెక్టరు ముక్కు మీద వేలు పెట్టి చూపించాడు, అంటే అంతా సమయానికి నడుస్తోందని. ఆర్విల్ క్యాబేజీని రెండు పోట్లు పొడిచాడు. దాన్ని పేపరులో చుట్టుకుని ట్రామెక్కాను.

బయట మంచు గడ్డకట్టి ఉంది. మా ఇంటి కిటికీలు మాత్రం బార్లా తెరిచి ఉన్నాయి. లోపల అడుగుపెడితే ఆవిరి పట్టినట్టు వేడి. మెట్ల మీద కింది వాటా మిసెస్ టిల్‌ఫోర్డ్ కూర్చుని పేపరుతో విసురుకుంటోంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"రావమ్మా రా. ఈ రోజు నాటకం అదిరింది. అందరం విన్నాం. మొదటి కేక ఎప్పటిలాగే ఉంది కానీ, ఆ రెండోది ఉంది చూశావూ, నా చేతిలో అల్లిక సూదులు జారిపోయాయనుకో."

"రెండోది ఏమిటండీ?"

"అదే, వెంటనే వేశావు కదా. రేడియోలో ఆ హంతకుడేదో మాట్లాడుతుంటే వెనకాల. మా ఆయన బతికుండగా కూడా నేనంత భయపడలేదు."

నేను వేసింది ఒక్కటే. అప్పుడే నేలమాళిగలోంచి నిల్స్ చెమటలు కక్కుతూ పైకొచ్చాడు.

"ఇక చాలా తల్లీ వేడి? పై నుంచి ఒకటే బాదుడు. మూడు కొట్టడం, ఆగడం, మళ్లీ మూడు. ముసలాణ్ణి ఎగతాళి చేస్తున్నారా అని ఒళ్లు మండి, పార మీద పార వేశాను."

"ఎంతసేపు కొట్టారు?"

"కాసేపు. చివర్లో నెమ్మదిగా కొట్టి ఆపేశారు. వెచ్చబడ్డారనుకున్నా."

క్యాబేజీ ఎక్కడ పడేశానో తెలియదు. మెట్లెక్కి తలుపు గుద్దాను. చక్కెర అని అరిచాను. అవును, ఆ క్షణంలో కూడా నా నోట అదే మాట వచ్చింది. తలుపుకు గడియ వేసి లేదు. కజిమిర్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. రేడియోలో డాన్సు పాటలు వస్తున్నాయి. మూత తెరిచిన పెట్టెలోంచి జోసియా బట్టలు నేల మీద చిందరవందరగా పడి ఉన్నాయి. ఆమె వంటగదిలో గొట్టం పక్కన కదలకుండా పడి ఉంది. గొట్టం ఎంత వేడిగా ఉందంటే, ఆమె చేతిని దాని మీద నుంచి తీసేటప్పుడు నా వేళ్లు కాలాయి. గరిట ఇంకా ఆ చేతిలోనే ఉంది.

కోర్టులో మిసెస్ టిల్‌ఫోర్డ్‌ను లాయరు అడిగాడు, రేడియోలో కేకకూ పై వాటాలోని కేకకూ తేడా తెలియలేదా అని.

"తెలిసిందండీ," అంది ఆవిడ ఏడుస్తూ. "రెండోదే బాగుందనుకున్నాను."

ఆవిణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. తిట్టాల్సినవాడు బోనులో శుభ్రంగా గడ్డం గీసుకుని కూర్చున్నాడు. నా కేక వినబడేదాకా ఆగి మొదలుపెట్టానని అతనే ఒప్పుకున్నాడు, నేను ఇంట్లో లేనని రూఢి చేసుకోవడానికట. అతన్ని ఉరి తీయలేదు. జైల్లో వేశారు. అక్కడ సాయంత్రాలు రేడియో పెడతారని విని రెండు రోజులు నేను తిండి ముట్టలేదు.

జోసియా పోయిన తర్వాతి గురువారమే స్టేషన్‌కి వెళ్లాను. గోడకేసి తిరిగాను. ఊపిరి తీసుకున్నాను. డైరెక్టరు గాజు వెనక చేతులు ఊపుతున్నాడు, దేశమంతా చెవులు రిక్కించి వింటోంది, నాలోంచి ఒక్క శబ్దం రాలేదు. మరుసటి వారానికి ఇంకో అమ్మాయిని పెట్టుకున్నారు. బాగానే అరుస్తుందట.

ఇప్పుడు నేనుండే ఇల్లు వేరు. ఇక్కడా ఆవిరి గొట్టాలే. చలికాలంలో జనం బాదుతారు, ఎవడో బొగ్గు వేస్తాడు. గొట్టం మోగితే నేను కప్పు తీసుకుని దిగుతాను. ఒక్కో తలుపూ కొడతాను. విసుక్కుంటారు. పిల్లలు నాకు చక్కెరమ్మ అని పేరు పెట్టారు. తలుపు తీసిన మనిషి వెనకాల ఎవరున్నారో చూసేదాకా గుమ్మంలోంచి కదలను. ఇంట్లో చక్కెర డబ్బాలు నిండిపోయాయి, చీమలు కూడా బాగానే పట్టాయి.