ఏరు ఇచ్చిన పిల్ల

మా చెల్లెలు అసాబియా కూతురి పేరు సుమినా. మా భాషలో చెత్తకుప్ప అని అర్థం. ముందు పుట్టిన వాళ్లంతా వరసగా పురిట్లోనే పోయాక, దక్కిన పిల్లకు అంతకన్నా మంచి పేరు పెడతామా? చావు కన్ను పడదూ?

అసాబియా ఒకనాడు కోడిగుడ్లు పట్టుకుని ఒంటరిగా మా ఊరి పక్కన పారే ప్రా ఏటికి వెళ్లింది. పిల్ల కావాలని మొక్కుకుందనీ, ఏరే సుమినాను ఇచ్చిందనీ ఊరంతా చెప్పుకునేవారు. అసాబియా అవుననలేదు, కాదనలేదు. ఏరు ఇచ్చిన పిల్లల కథలు మా దగ్గర కోకొల్లలు. అన్నిట్లోనూ ఒకటే షరతు: కోపంలో ఎవరైనా ఆ సంగతి పిల్ల మొహం మీద అనేస్తే, పిల్ల తిరిగి నీళ్లలోకి వెళ్లిపోవాలి. సుమినా వాటిని నోరు తెరుచుకుని వినేది. నాకేమో ఒళ్లుమంట. ఇచ్చింది వెనక్కి లాక్కునేవాళ్లు మనుషుల్లో ఉంటే వాళ్ల గడప తొక్కుతామా?

ఆ మధ్యాహ్నం సుమినా చేతిలోంచి పులుసు కుండ జారి పగిలింది. పిల్ల మేనత్త ఫోస్వా నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

"కళ్లెక్కడ పెట్టుకున్నావే? ఏట్లోంచి ఊడిపడ్డదానికి ఇంటిపని ఎక్కడొస్తుందిలే!"

అనేశాక నాలిక కరుచుకుంది. నేల తుడిచి చూసేసరికి పిల్ల లేదు.

నేనూ అసాబియా పడుతూ లేస్తూ ఏటికి పరుగెత్తాం. చర్చికి వేసుకునే తెల్ల గౌను తొడుక్కుని, మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది సుమినా.

"రావద్దమ్మా. నాకోసం వస్తారు. అత్త అనేసిందిగా."

"ఎవరొస్తారే, నీ మొహం! ఇటు రా!" అని అరిచాను.

పిల్ల ఇంకో అడుగు లోపలికి వేసింది. ఆపైన అంతా లోతే.

ఈలోగా ఫోస్వా, ఇరుగుపొరుగు వచ్చేశారు. అసాబియా ఒడ్డున చతికిలబడి, అందరూ వింటూండగానే చెప్పింది.

"నేను నిన్ను అడగలేదే తల్లీ. ఇంక నా కడుపున ఎవర్నీ వెయ్యొద్దని మొక్కుకున్నా ఆ రోజు. కని కని పాతిపెట్టే ఓపిక లేదని ఏడ్చా. గుడ్లిచ్చింది అందుకే."

బిడ్డలు వద్దని మొక్కడం మా ఊళ్లో ఏ ఆడదీ పైకి చెప్పుకునే సంగతి కాదు.

"మరి నేనెట్లా వచ్చా?"

"నాకేం తెలుసు! వద్దు మొర్రో అంటే వచ్చావు. ఏరు నా మాట వింటేగా!"

సుమినా ఒడ్డు వైపు తిరిగింది.

"అయితే నన్నెవరూ ఇవ్వలేదా?"

"ఎవరూ ఇవ్వలేదు. నీ అంతట నువ్వే వచ్చావు."

"మరి వెనక్కి ఇచ్చెయ్యమని అడిగేవాళ్లు?"

"ఎవరున్నారే అడగడానికి?"

"అమ్మయ్య!" అంటూ పిల్ల నీళ్లలోంచి నడిచొచ్చి తల్లి ఒళ్లో కూర్చుంది.